పై బల్ల

కాగితం తెగింది, సైరన్ మోగింది. పైన యంత్రం మీది నుంచి తెల్లటి కాగితం మడతలు మడతలుగా నేలమాళిగలోని గుజ్జు తొట్టిలోకి జారిపడుతోంది. ఒక చేతిలో నీళ్ళ గొట్టం, ఇంకో చేతిలో పొడవాటి ఇనప కొక్కెం పట్టుకుని తొట్టి గట్టున నిలబడ్డ రౌనోకి సరిగ్గా అప్పుడే పొట్ట ఎడమ పక్కన వెచ్చగా తడి తగిలింది. అది చెమట కాదని అతనికి తెలుసు. చెమటైతే వీపంతా, మెడంతా పడుతుంది. ఇలా ఒక్కచోట మొదలై తొడ మీదికి పాకదు. సంచి అంటు ఊడింది.

“తొయ్యరా రౌనో! గుట్ట పడిపోతోంది, తొయ్యి!” పైన ఇనప జల్లెడ నేల మీద బోర్లా పడుకుని కిందికి అరుస్తున్నాడు ఓస్మో.

కాగితం తెగినప్పుడు మా మిల్లులో ఎవడూ తన చోటు వదలడు. పెళ్ళానికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చినా, కాగితాన్ని మళ్ళీ యంత్రానికి ఎక్కించాకే ఆసుపత్రికి పరిగెత్తిన వాళ్ళున్నారు. పడుతున్న కాగితాన్ని పడుతున్నట్టే తొట్టిలోకి తోసి నీళ్ళతో నానబెట్టకపోతే అంతా గడ్డకట్టి యంత్రం ఆగిపోతుంది. మరుగుదొడ్డి చూస్తే రెండంతస్తుల మెట్లెక్కి, గిడ్డంగి దాటి, ఎక్కడో అవతల ఉంది. రౌనో ఎడమ మోచేతిని పొట్టకి అదిమిపెట్టుకుని కుడిచేత్తోనే కొక్కెం ఆడించాడు. ఆ నేల కింది ఉక్కకి వాసన ఇంకా పైకి తన్నుకొచ్చింది. నేలమాళిగలో ఇంకో మనిషి లేకపోవడం ఒక్కటే ఆ పూట అతను చేసుకున్న పుణ్యం.

సైరన్ ఆగాక పంపుల వెనక చీకట్లోకి వెళ్ళి, ప్యాంటు విప్పి, అదే గొట్టంతో ఒళ్ళు కడుక్కున్నాడు. అవి నది నీళ్ళు. నవంబరులో మా నది అంచులు గడ్డకట్టి ఉంటాయి. పళ్ళు టకటకమంటుంటే జేబులోంచి కొత్త సంచి తీసి, తడి చర్మానికి అది అంటదని తెలిసీ అంటించాడు.

తడి బట్టలతో మెట్లెక్కి వస్తే పైన ఓస్మో ఎదురయ్యాడు. “ఏరా, గొట్టంతో ఆడుకున్నావా? సౌనాకి రమ్మంటే రావు గానీ చన్నీళ్ళ స్నానాలు బాగానే చేస్తున్నావే!”

రౌనో నవ్వినట్టు మొహం పెట్టి తప్పుకున్నాడు.

కిందటేడు శరదృతువులో అతనికి పెద్దపేగు చివర పుండు పడిందన్నారు. క్యాన్సరన్నారు. పేగు చివరి భాగం మొత్తం కోసేసి, ఆ దారి కుట్టేసి, పొట్ట ఎడమ పక్కన రంధ్రం పెట్టి పేగు కొసని అక్కడ బయటికి తెచ్చారు. ఎర్రగా, తడిగా, దానిమ్మ మొగ్గంత ఉంటుందది. దాని మీద సంచి అంటించుకోవాలి, నిండితే మార్చుకోవాలి. ఇక జీవితాంతం ఇంతే. “మీరు అదృష్టవంతులు, బతికారు” అన్నాడు డాక్టరు. నిజమే, బతికాడు. ఎలా బతకాలన్నది మాత్రం ఇంటికొచ్చాక తెలుసుకోవలసి వచ్చింది.

మిల్లుకి తిరిగొచ్చిన రోజు తోటివాళ్ళతో “పేగు ఆపరేషను. అయిపోయింది” అని రెండు ముక్కలన్నాడు. మా ఊరి మగవాళ్ళ సంగతి తెలిసిందే. అయిపోయిందన్నాక రెండో ప్రశ్న వెయ్యడం మాకు అమర్యాద. అవతలివాడి బాధలోకి బూట్లతో నడిచినట్టు అనుకుంటాం. అందుకని ఎవడూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. ఇలాంటి మర్యాదతోనే మాలో చాలామందిని మేమే చంపుకున్నాం.

మిల్లు వెనక, నది ఒడ్డున, కార్మికుల సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, ఉంది. శుక్రవారం పగటి డ్యూటీ దిగగానే మా బృందమంతా అందులోకి వెళ్తాం. గుడ్డలన్నీ బయట కొక్కాలకి తగిలించి, ఒళ్ళు కడుక్కుని, మెట్లలా కట్టిన చెక్కబల్లల మీద కూచుంటాం. పొయ్యి మీద రాళ్ళు కణకణలాడుతుంటాయి, వాటి మీద నీళ్ళు పోస్తే ఆవిరి లేచి పై బల్లని కమ్మేస్తుంది. సౌనాలో గుళ్ళో ఉన్నట్టు ఉండాలని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. మేం మాత్రం అక్కడే అన్నీ తేల్చుకుంటాం. ఎవరు ఏ చోట పనిచెయ్యాలి, ఎవరికి ఏ డ్యూటీ, ఎవరి సెలవు ఎప్పుడు, అంతా పై బల్ల మీద మాటే. సోమవారం ఫోర్‌మన్ బోర్డు మీద రాసేది దానికి నకలు. ఒంటి మీద నూలుపోగు లేని చోట దొర ఎవడు, కూలీ ఎవడు అని మాకు గొప్ప. యాజమాన్యం కూడా ఆ పద్ధతి జోలికి ఇంతవరకు రాలేదు. బల్ల మీద లేనివాడికి మాట లేదు, ఆ సంగతి గురించి మాత్రం ఎవరం గొప్పలు చెప్పుకోం. మాలో ఎవరైనా పని మానేస్తే “బల్ల దిగాడు” అంటాం. చనిపోయినా అదే మాట.

ఆపరేషను తర్వాత రౌనో సౌనాకి రావడం మానేశాడు. గురువారం క్యాంటీన్లో బఠాణీ సూపు తినడం కూడా మానేశాడు, తింటే సంచి గాలితో ఉబ్బి చప్పుడు చేస్తుందని. మా ఊళ్ళో గురువారం బఠాణీ సూపు తిననివాడూ, శుక్రవారం సౌనాకి రానివాడూ ఉంటే ఏదో తేడా వచ్చిందనే లెక్క. “మనవాడు దొరబాబు అయిపోయాడు. చావు దాకా వెళ్ళొచ్చాడు కదా, మనం కంటికి ఆనట్లేదు” అన్నాడు ఓస్మో ఒకసారి. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కొంచెం నొచ్చుకోవడం కూడా ఉంది.

వసంతకాలంలో రౌనో లేకుండానే పై బల్ల మీద అతని పని చోటు మారిపోయింది. అంతకుముందు అతను యంత్రం చివర, ఆరిన కాగితం చుట్ట చుట్టుకునే చోట పనిచేసేవాడు. “ఆపరేషనైన మనిషి. చుట్టల దగ్గర పరుగులెందుకు? కింద తొట్టి దగ్గరైతే తనొక్కడే తాపీగా చేసుకుంటాడు” అన్నాడు తైస్తో. అతను మా యూనియన్ నాయకుడు, మంచివాడు. ఆ మాటా మంచికే అన్నాడు. అప్పటిదాకా తొట్టి దగ్గర చేస్తున్న ఓస్మోకి మోకాలు అరిగిపోయింది, మెట్లెక్కలేకపోతున్నాడు, అతన్ని పైకి తెస్తే సరిపోతుందన్నారు. అంతా పద్ధతిగా జరిగింది. జీతంలో నెలకి మూడొందల యూరోలు తగ్గాయి, రౌనో దానికి పెద్దగా బాధపడలేదు. చుట్టల దగ్గర అద్దాల గది ఉంది, దాని వెనకే గడియ పడే మరుగుదొడ్డి, అందులో వేణ్ణీళ్ళ కుళాయి ఉన్నాయి. ఆ కుళాయి విలువ మిల్లు మొత్తంలో ఒక్క రౌనోకే తెలుసు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు సంచులు కూడా మారాయి. మొదట్లో ఇచ్చినవి ఎంత చెమటపట్టినా కదిలేవి కావు. ఆరోగ్యశాఖ వాళ్ళు టెండరు పిలిచి చవక రకం మొదలుపెట్టారు. కుర్చీలో కూచుని ఉద్యోగం చేసేవాళ్ళకి అవి చాలవచ్చు. మంగళవారాల్లో ఆరోగ్యకేంద్రానికి వచ్చే నర్సు మెర్వికి మొర పెట్టుకున్నాడు రౌనో.

“నాకు తెలుసండీ. మీలాంటి వాళ్ళు రోజూ చెప్తున్నారు” అంది ఆమె, సంచి చుట్టూ కందిపోయిన చర్మానికి మందు రాస్తూ. “నేనూ పైకి చెప్పాను. వాళ్ళకి ధరే కనిపిస్తుంది.”

“సౌనాకి వెళ్ళొచ్చా?”

“నిక్షేపంగా వెళ్ళొచ్చు. ఒంటికేం కాదు. వేడికి అంటు కొంచెం వదులవుతుంది, బయటికొచ్చాక మార్చుకోండి. అంతే.”

ఆమె తప్పు కాదు గానీ, ఆ “అంతే” అన్న మాట రౌనోకి చాలా రోజులు చెవిలో గింగురుమంటూనే ఉంది.

నేలమాళిగలో సంచి ఊడింది గురువారం. సాయంత్రం అతను ఇంటికి వచ్చి ప్యాంటుని చెత్తసంచిలో కుక్కుతుంటే భార్య హెల్లెవి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె బడిలో వంట చేస్తుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఏ శనివారమూ వాళ్ళు విడివిడిగా సౌనాకి వెళ్ళలేదు. ఈ ఏడాదిగా ఆమె ఒక్కత్తే తువ్వాలు పట్టుకుని అపార్టుమెంటు కింది సౌనాకి వెళ్ళి, ఒక్కత్తే తిరిగొస్తోంది. రాత్రి అతను హాల్లో సోఫా మీద పడుకుంటాడు. ఏమన్నా అంటే నడుం నొప్పంటాడు.

“మళ్ళీనా?” అంది హెల్లెవి.

“ఊఁ.”

“ఎన్ని ప్యాంట్లు పారేస్తావు? వాళ్ళకి చెప్పు, రౌనో. నీ పాత చోటు నీకిమ్మని అడుగు.”

“ఎక్కడ అడగను? బల్ల మీదేగా అడగాలి. బల్లెక్కాలంటే గుడ్డలిప్పాలి.”

“ఇప్పు. తైస్తో బొడ్డు కింద కోత లేదా? ఓస్మో మోకాలు నువ్వు చూళ్ళేదా?”

“వాటితో దీనికి పోలికేంటే?” అతని గొంతు లేచింది. “అవి మానిపోయిన దెబ్బలు. ఇది… నేను పీతిసంచి కట్టుకు తిరుగుతున్నాను, హెల్లెవి. ఆ మాట ఎలా చెప్పమంటావు?”

“అలాగే చెప్పు. ఇప్పుడు నాకు చెప్పావుగా.” ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, కానీ గొంతు తగ్గలేదు. “నువ్వు చెప్పకపోతే నేనే వెళ్ళి తైస్తో పెళ్ళానికి చెప్తా.”

“నా పరువు నువ్వు తియ్యకు.”

“ఏ పరువయ్యా? గొట్టం నీళ్ళతో కడుక్కున్నావే, ఆ పరువా?”

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. రౌనో భోజనాల బల్ల మీది రొట్టె ముక్కని వేళ్ళతో పొడి పొడి చేశాడు. తర్వాత లేచి, బీరువాలో దుప్పట్ల వెనక చెయ్యి పెట్టి, చిన్న కాగితప్పొట్లం తీశాడు. పాత రకం సంచి. అదొక్కటే మిగిలింది. ఎవరి పెళ్ళికో, ఎవరి అంత్యక్రియలకో వెళ్ళాల్సొస్తే ఉంటుందని దాచుకున్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీకి ముందు హెల్లెవి దాని రంధ్రాన్ని కత్తెరతో కొలతకి కత్తిరించింది. అతను స్నానాలగదిలో అద్దం ముందు చొక్కా ఎత్తి పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమెని ఆ గదిలోకే రానివ్వలేదు. ఆమె ఆ ఎర్రటి మొగ్గని చూసింది, మొహం తిప్పుకోలేదు. సంచి అంచుని అరచేత్తో అదిమి, చేతి వెచ్చదనానికి అంటు పట్టేదాకా అలాగే ఉంచింది. ఆమె చెయ్యి తన పొట్ట మీద పడి ఎంత కాలమైందో గుర్తొచ్చి రౌనోకి దుఃఖం ముంచుకొచ్చింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగాక అతను కోటు వేసుకుని గేటు వైపు కాకుండా నది వైపు నడిచాడు.

సౌనా లోపల ముందే అందరూ ఎక్కేశారు. రేకు కాగితంలో చుట్టిన సాసేజి రాళ్ళ పక్కన చిటపటలాడుతోంది. తలుపు దగ్గర తువ్వాలుతో నిలబడ్డ రౌనోని చూసి బల్లంతా కేకలు పెట్టింది.

“ఓరి నీ దుంప తెగా! దొరగారు దయచేశారు!” అన్నాడు ఓస్మో.

“జరగండ్రా, జరగండి! వాడి చోటు వాడికివ్వండి,” తైస్తో పై బల్ల మీద నుంచి పిలిచాడు. పొయ్యి పక్క చోటు ఎప్పుడూ అతనిదే, నీళ్ళ గరిటె కూడా అతని చేతిలోనే ఉంటుంది. “బతికున్నాడ్రా మనవాడు! రా, రా.”

ఆ పిలుపు విన్నాక ఇక తప్పదనిపించింది. రౌనో తువ్వాలు తీసి భుజాన వేసుకుని పై బల్ల ఎక్కాడు.

“అదేంట్రా పొట్టకి, అన్నం డబ్బా?” అన్నాడు ఓస్మో నవ్వుతూ. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఓస్మో నవ్వు కూడా మధ్యలో ఆగిపోయింది.

“కాదు. వెనక దారి మూసేశారు. ఇక్కణ్ణుంచే వస్తుంది,” అన్నాడు రౌనో. చాలాసార్లు మనసులో అనుకుని వచ్చిన మాటే, అయినా గొంతు తనది కానట్టు వినపడింది. “జీవితాంతం ఇంతే. అందుకే రాలేదు. మీ మీద కోపమూ లేదు, దొరతనమూ లేదు.”

తైస్తో గరిటెని నీళ్ళ బొక్కెనలో పెట్టేశాడు.

“ఒకటి అడగడానికి వచ్చాను. నేలమాళిగలో అది నిలవట్లేదు. ఆ వేడికి ఊడిపోతోంది. నిన్న కాగితం తెగినప్పుడు…” అక్కడ ఆగి, మళ్ళీ అందుకున్నాడు. “నా పాత చోటు నాకిచ్చెయ్యండి. అక్కడైతే పక్కనే కుళాయి ఉంది. ఇంకేం వద్దు.”

“అంటే నన్ను దిగమనా?” అన్నాడు ఓస్మో. కసిరినట్టు లేదు, భయపడ్డట్టు ఉంది. “నా మోకాలు సంగతేంట్రా? ఆ మెట్లు నేను రోజూ ఎలా దిగను?”

ఓస్మో మోకాలు అందరి ఎదురుగానే ఉంది, గుమ్మడికాయలా వాచి.

తైస్తో గొంతు సవరించుకున్నాడు. “చూడు రౌనో. ఇంత కష్టం పడుతున్నావని మాకు తెలీదు. తెలిస్తే కిందికి పంపేవాళ్ళమా? కానీ ఓస్మోని ఇప్పుడెలా దింపుతాం? ఇంకోచోటు లేదు కదరా. నేనొకటి చెప్తా విను. అశక్తత పింఛను తీసుకో. ఫోర్‌మన్‌తో నేను మాట్లాడతా. అందరం వచ్చి చెప్తాం, ఈ మనిషి చెయ్యలేడు అని. ఎవడూ నిన్ను ఒక్క మాట అనడు. హాయిగా ఇంటిపట్టున ఉండు.”

“అవునురా, ఎందుకొచ్చిన బాధ,” అన్నారు కింది బల్లల మీద నుంచి. అన్నీ మెత్తటి గొంతులే. ఒక్కడైనా తిట్టి ఉంటే రౌనో తిరిగి తిట్టేవాడు.

సరిగ్గా అప్పుడు సంచిలోకి గాలి వచ్చింది. బుర్రుమని అందరికీ స్పష్టంగా వినిపించింది.

ఆ బల్ల మీద గాలి వదలనివాడు మాలో ఎవడూ లేడు. అదే ఇంకొకడైతే, అదే పాత రౌనో అయితే, బల్లంతా విరగబడి నవ్వేది. తైస్తో “తలుపు తియ్యండ్రా, మిల్లు పేలింది!” అనేవాడు. ఇప్పుడు ఒక్కడూ నవ్వలేదు. ఒకడు కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నాడు, ఒకడు ఒళ్ళు తట్టుకునే బర్చ్ రెమ్మల కట్టని సర్దుతున్నాడు. నవ్వకూడదని అంతమంది కలిసి పడుతున్న పాట్లు రౌనో ఒక్కొక్కటే చూశాడు. ఆసుపత్రిలో జబ్బు పేరు విన్న రోజు కూడా అతను ఇంత ఒంటరి కాలేదు.

“బీరు వేడెక్కిపోతుంది” అని ఒకడు దిగి వెళ్ళాడు. అతని వెనక ఇంకొకడు కదిలాడు. తలుపు తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా చలిగాలి లోపలికి వచ్చింది. రాళ్ళ మీద నీళ్ళు పడి చాలాసేపైంది, వేడి తగ్గిపోతోంది. పొమ్మనలేక పొగపెట్టారని విన్నాం. మావాళ్ళు పొమ్మనలేక ఆవిరి ఆపేశారు. అదీ అతని మేలుకోరే.

“నువ్వు కింది బల్ల మీద కూచోరా,” అన్నాడు తైస్తో, అతని మోచెయ్యి మీద మెల్లగా చెయ్యి వేసి. “అక్కడ వేడి ఉండదు. నీ… దానికి మంచిది. దిగు.”

దిగమన్న మాట అన్నాక అతనికే తట్టింది తను ఏమన్నాడో. నాలుక కరుచుకున్నాడు. ఓస్మో మొహం తిప్పుకున్నాడు.

రౌనో తన మోచేతి మీది చేతిని చూశాడు. ఇరవై ఏళ్ళు పక్కపక్కన కూచున్న మనిషి చెయ్యి అది. దాన్ని తీసి, తైస్తో ఒళ్ళోనే పెట్టాడు.

“దిగను,” అన్నాడు.

“ఒరే, నీ మంచికే…”

“నాకు తెలుసు. దిగను. ఆ తొట్టి దగ్గరికీ దిగను. ఏం చేసుకుంటారో చేసుకోండి.” తర్వాత ఏం జరుగుతుందో, సోమవారం బోర్డు మీద ఏం రాస్తారో, తను ఎక్కడ నిలబడాలో అతనికేమీ తెలీదు. “నీళ్ళు పొయ్యి, తైస్తో. చల్లారిపోతోంది.”

“అంటు ఊడుతుందన్నావు కదరా?”

“పొయ్యి.”

తైస్తో గరిటె తీసుకున్నాడు, బొక్కెనలో ముంచాడు, ఎత్తాడు. అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది. రాళ్ళని చూస్తున్నాడు, రౌనో పొట్టని చూస్తున్నాడు, గుమ్మం దగ్గర ఆగిపోయిన వాళ్ళని చూస్తున్నాడు. గరిటె అంచు నుంచి ఒక్కొక్క చుక్క జారి రాళ్ళ మీద పడి చుయ్యిమంటోంది.

రౌనో పై బల్ల మీద వెన్ను నిటారుగా పెట్టి కూచున్నాడు. పొద్దున హెల్లెవి అరచేత్తో అదిమిపెట్టిన చోట, ఆ పాత రకం సంచి అంచు కూడా వేడికి ఒక మూల మెల్లగా లేస్తోంది. అతను కిందికి చూడలేదు.